ఇంగ్లీషుల పాతిక మాటలు, మనకాడ ఒక్కటే గందరగోళం

ఇంగ్లీషు వార్తను తెలుగు చేసెటోళ్లకు రోజూ తగిలే సంగతి ఒకటున్నది. ఏజెన్సీ కాపీల ఒక దగ్గర కేయాస్ అని ఉంటది, ఇంకో దగ్గర మేహెమ్ అని ఉంటది, మరో దగ్గర టర్మాయిల్, పాండెమోనియం, అన్‌రెస్ట్, రకస్, అప్‌హీవల్. తెలుగుల పేజీ తయారయ్యేసరికి ఇవన్నీ ఒక్కటే మాట అయితయి: గందరగోళం. జెర రక్తం కనపడితే ‘అల్లర్లు’. సర్కారు మీదనో, ఎదుటి పార్టీ మీదనో కోపమొస్తే ‘అరాచకం’. ఇంగ్లీషోని పాతిక మాటలను ఈ మూడు డబ్బాలల్లనే కుక్కుతం. నేను కొన్నేండ్లు డెస్కుల కూసోని ఈ కాపీలతోనే కుస్తీ పట్టినోణ్ని. ఒక్కో మాట ఏడికెల్లి వచ్చిందో ఎంట పడి చూసుడు అట్ల అలవాటైంది.

మాట ఏదైతేంది, సంగతి తెలిస్తే సరిపోదా అంటరు కొందరు. సరిపోదు. ఈ మాటలల్ల ప్రతిదాని కడుపుల ఒక తీర్పు దాగి ఉంటది. పని దానంతట అదే ఆగమైందా, ఎవరన్న ఆగం చేసిన్రా, చేసింది జనమా, సర్కారా, దెబ్బ తిన్నదెవరు – ఇదంతా వార్త చదవకముందే మాట చెప్పేస్తది. మాట మార్చినమంటే తీర్పు మార్చినట్టే.

ముందుగాల కేయాస్. టీవీలల్ల కొందరు ‘చావోస్’ అని చదువుతరు, ‘కే-యాస్’ అనాలె. ఇది గ్రీకు మాట. మొదట్ల దీనికి లొల్లి అనే అర్థమే లేదు. నోరు తెరుచుకున్న అగాధం, లోకం పుట్టకముందున్న శూన్యం అని అర్థం. ఇంకా ఏ రూపానికి రాని ముద్ద అనే అర్థం తర్వాత చేరింది, అండ్లకెల్లి ఇప్పటి అర్థం వచ్చింది. 17వ శతాబ్దంల వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త ‘గ్యాస్’ అనే మాటను ఈ కేయాస్‌కెల్లే తీసిండు. అంటే మన వంటింట్ల సిలిండరు పేరు కూడ దీని కడుపున పుట్టిందే.

కేయాస్‌ల దోషి అనేటోడు అవసరం లేదు. సిగ్నళ్లు ఖరాబై బండ్లన్నీ ఏడికాడ ఆగిపోతే అది కేయాస్. దీనికి తెలంగాణల బంగారమసొంటి మాట ఉన్నది: ఆగమాగం. ‘అంత ఆగమైంది’ అంటే ఎవరు చేసిన్రని ఎవ్వరం అడగం. ‘అంత ఆగం చేసిండు’ అంటే మాత్రం ఎవడు వాడు అని అడుగుతం. మాట ఒక్కటే, ఎనుక క్రియ మారంగనే కేసు మారిపాయె. మన దగ్గర క్రియ చేసే ఈ పనికి ఇంగ్లీషోడు వేరే మాటలే పెట్టుకున్నడు.

అండ్ల ఒకటి హావక్. పాత యుద్ధాలల్ల ఇది సైన్యానికి ఇచ్చే కేక. ‘హావక్’ అని అరిచిన్రంటే ఇగ వరుస లేదు, కట్టుబాటు లేదు, ఎవరికి దొరికింది వాళ్లు దోచుకోవచ్చు. 1385ల ఇంగ్లండు రాజు రెండో రిచర్డ్ తన సైన్యానికి పెట్టిన నిబంధనలల్ల, ఈ కేక వేసినోనికి తల తీసుడే శిక్ష అని రాయించిండు. అంత భయం ఆ మాటంటే. ఇట్లాంటి మాట ఇంట్ల పెట్టుకొని గూడ మన దేశమొచ్చినంక ‘లూట్’ అనే మాటను తీస్కపోయిన్రు. పాతది సరిపోలేదు కావచ్చు. వాడుకల హావక్‌కు ‘రీక్’ అనే క్రియ తోడు. చానామంది ‘రెక్’ అంటరు. రెక్ అంటే ఓడ పగిలినట్టు పగలగొట్టుడు, అది వేరే మాట. అకాల వానకు మామిడి తోటలు పోయినప్పుడు ఇంగ్లీషు పేపరు హావక్ అంటది, అది సరైన వాడుక. దాన్ని మనం ‘తోటలల్ల గందరగోళం’ అని రాస్తే రైతు నవ్వుతడు. ‘తోటలను నాశనం పట్టిచ్చింది’ అనాలె.

మేహెమ్ దీనికంటె కచ్చితమైన మాట. అంగహీనుణ్ని చేసుడు అనే అర్థమున్న ‘మెయిమ్’కు ఇది తోడబుట్టింది. పాత ఇంగ్లీషు చట్టంల మేహెమ్ ఒక నేరం పేరు. మనిషి తనను తాను కాపాడుకోనీకి, కొట్లాడనీకి అక్కరకొచ్చే అవయవాన్ని పనికిరాకుండ చేసుడే ఆ నేరం. ఇయ్యాల్రేపు బట్టల దుకాణంల ఆఫర్ పెట్టిన రోజు ఎగబడ్డ జనాన్ని గూడ మేహెమ్ అని రాస్తున్నరు. అది హెడ్డింగు కోసం పడే తిప్పలు. తెలుగు చేసేటప్పుడు మనం చూసుకోవాల్సింది ఒక్కటే – మనుషులకు దెబ్బలు తగిలినయా, లేదా? తగిలితే ‘దాడులు’, ‘రక్తపాతం’. తగలకపోతే ‘తోపులాట’, ‘లొల్లి’.

కొన్ని మాటలు ఒకప్పుడు జాగల పేర్లు. లండన్ల 1247ల పెట్టిన బెత్లెహెమ్ మఠం తర్వాత దవాఖాన అయింది, మతి చెడినోళ్లను అండ్ల ఉంచెటోళ్లు. జనం నోట్ల బెత్లెహెమ్ అరిగి అరిగి బెడ్‌లమ్ అయింది. 17, 18 శతాబ్దాలల్ల ఆ రోగులను చూడనీకి జనం తమాషాకు పోయినట్టు పోయెటోళ్లు, తలుపుకాడ పైసలిచ్చి. సంకెళ్లల్ల ఉన్నోళ్ల ఏడుపు, అరుపు ఊరోళ్లకు వినోదం. ఆ అరుపులే ఇయ్యాల మాటకు అర్థం: బెడ్‌లమ్ అంటే చెవులు పగిలే లొల్లి. నేనైతే ఈ మాట వాడ. ‘పిచ్చాసుపత్రి లెక్కున్నది’ అని తెలుగుల రాసుడు కూడ గసొంటిదే.

మన గత్తర సంగతి చూడుండ్రి. గత్తర అంటే కలరా. ఊరికి గత్తరొస్తే ఇండ్లకిండ్లు ఖాళీ అయ్యేది, ఉన్నోళ్లు ఊరు ఇడిచి చెట్లల్లకు పోయెటోళ్లు. రోగం పోయింది, మాట మిగిలింది. ‘ఏందిరా పొద్దున్నే గత్తర లేపుతున్నవ్’ అని ఇయ్యాల అమ్మ పోరన్ని తిడుతది. అక్కడ రోగుల అరుపు, ఇక్కడ రోగానికి జనం పడ్డ ఉరుకులాట. పుట్టుక ఒక్క తీరుగనే ఉన్నది గానీ తేడా ఉన్నది. గత్తరల మాట రోగం మీద నిలబడ్డది, బెడ్‌లమ్‌ల మాట రోగి మీద నిలబడ్డది.

పాండెమోనియం కవి కట్టిన ఊరు. మిల్టన్ 1667ల అచ్చేసిన ‘ప్యారడైజ్ లాస్ట్’ కావ్యంల దయ్యాలు నరకంల కట్టుకున్న రాజధాని పేరు అది – దయ్యాలన్నీ కూడే చోటు. అండ్లనే వాళ్లు సభ పెట్టుకుంటరు. చట్టసభల లొల్లి అయినప్పుడల్ల ఇంగ్లీషు పేపర్లు ఈ మాటనే ఏరుకుంటయంటే ఎంత కరెక్టో మీరే చూసుకోండ్రి. షాంబుల్స్ అయితే ఉత్త కసాయి దుకాణం. మొదలు మాంసం పెట్టి అమ్మే బల్ల, తర్వాత పశువులను కోసే చోటు, తర్వాత నెత్తురు పారిన జాగ, చివరికి ‘ఏదీ తీరుగ లేదు’ అనే అర్థానికి దిగింది. యార్క్ పట్నంల కసాయి దుకాణాలున్న పాత గల్లీకి ఇప్పటికీ అదే పేరు. చివర ‘స్’ ఉన్నదని బహువచనం అనుకోవద్దు. ‘ఎ షాంబుల్స్’ అనే అంటరు. ఒక పథకం షాంబుల్స్ అయిందంటే చేసేటోని చేతకానితనం అండ్ల ఉన్నట్టు. తెలుగుల ‘అధ్వానం’ సరిగ్గ సరిపోతది.

ఇగ భూమి మాటలు, నీళ్ల మాటలు. అప్‌హీవల్ అంటే కిందికెల్లి పైకి లేసుడు. భూమి పొరలు పైకి ఉబికి వచ్చుడుకు భూగర్భ శాస్త్రం వాడిన మాట. కాబట్టి దీనికి లొల్లి అవసరం లేదు, మార్పు అవసరం. చప్పుడు లేకుండ గూడ అప్‌హీవల్ అయితది – ఊర్ల మగ్గాలు మూతపడి, నేసెటోళ్లు షోలాపురం, భివండి వలస పోయినట్టు. దాన్ని గందరగోళం అంటే అయ్యో అనిపిస్తది. ‘తలకిందులైంది’ అనాలె. టర్మాయిల్ మనసుకూ వాడొచ్చు, మార్కెట్టుకూ వాడొచ్చు. లోపల లోపల మసులుడు దాని గుణం. మన ‘కల్లోలం’ దీనికి దగ్గరి చుట్టం. సంస్కృతంల కల్లోలం అంటే పెద్ద అల. ‘సంక్షోభం’ల క్షోభ అంటే కదిలిపోవుడు. విప్లవం కూడ నీళ్ల మాటే. తేలుడు, ముంచెత్తుడు అనే ధాతువుకెల్లి పుట్టి, పాత సంస్కృతంల ఉపద్రవం, నాశనం అనే అర్థాలతోని తిరిగింది. గసొంటి తిట్టుమాటను ఇరవయ్యో శతాబ్దంల మనోళ్లు నెత్తిన పెట్టుకొని జెండా చేసిన్రు. ఇంగ్లీషు రివొల్యూషన్ అయితే గ్రహాలు తిరుగుడు; కోపర్నికస్ 1543ల అచ్చేసిన పుస్తకం పేరుల ఉన్నది గా తిరుగుడే. రివోల్ట్ గూడ తిరుగుడే. మన తిరుగుబాటు గూడ తిరుగుడే. ఒకళ్లను చూసి ఒకళ్లు రాసుకోకుండనే ఒక్క దగ్గరికి వచ్చిన్రు. అరాచకం, అనార్కీ కూడ అంతే – రెండింటి లోపల ఉన్నది ‘ఏలెటోడు లేడు’ అనే మాటే. కాకపోతే ఏలెటోడే చేసే జులుంను గూడ మనం అరాచకం అంటున్నం. రాజు లేని మాటను రాజుకే అంటగట్టినం. తప్పనను, జనం అట్లనే వాడుతున్నరు.

గీడిదాంక పదాల ముచ్చట. ఇప్పుడు అసలు సంగతి.

లాటిన్ల ‘టుర్బా’ అనే మాట ఉన్నది. దానికి రెండర్థాలు: ఒకటి లొల్లి, రెండోది జనం గుంపు. అండ్లకెల్లి వచ్చినయే డిస్టర్బ్, డిస్టర్బెన్స్, టర్బులెన్స్, ట్రబుల్. అంటే గుంపు అన్నా, లొల్లి అన్నా ఒక్కటే అనే లెక్క ఆ భాషల పునాదిలనే ఉన్నది. ‘మాబ్’ అనేది గూడ లాటిన్ మాటకు తోక తెంపగ మిగిలిన ముక్క – నిలకడ లేని జనం అని. ఈ మాటలు పెట్టిందెవరు? గుంపుల నిలబడ్డోళ్లు కాదు, మేడ మీదికెల్లి చూసినోళ్లు.

ఆ సామాన్లన్నీ మూట గట్టుకొని వాళ్లు మన దేశమొచ్చిన్రు. 1875ల పుణె, అహ్మద్‌నగర్ దిక్కు రైతులు షావుకార్ల ఇండ్ల మీదికి పోయి అప్పు పత్రాలు గుంజుకొని కాలబెట్టిన్రు. మనుషుల పానాలు తీసుడు వాళ్ల పని కాదు, కాయితాల మీదనే వాళ్ల కోపం. సర్కారు దానికి పెట్టిన పేరు ‘దక్కన్ రయట్స్’. ఇప్పటికీ చరిత్ర పుస్తకంల అదే పేరు, తెలుగుల ‘దక్కన్ అల్లర్లు’. 1910ల వాలెంటైన్ చిరోల్ అనే ఇంగ్లీషు జర్నలిస్టు ‘ఇండియన్ అన్‌రెస్ట్’ అని పుస్తకమేసిండు, తిలక్‌ను ఆ అన్‌రెస్ట్‌కు తండ్రి అన్నడు. తిలక్ లండన్ దాంక పోయి పరువు దావా వేసిండు, 1919ల ఓడిపోయిండు. అన్‌రెస్ట్ అంటే మొత్తానికి రెస్ట్ లేకపోవుడు – బానిసతనంల ఉన్నోళ్లు నిమ్మలంగ పండుకొని ఉంటే రెస్ట్, లేసి కూసుంటే అన్‌రెస్ట్.

అదే 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌ల ఫౌజు కాల్పులు జరిగినయి. సర్కారు లెక్క ప్రకారమే 379 మంది చచ్చిపోయిన్రు. దాని మీద విచారణకు వేసిన హంటర్ కమిటీ అసలు పేరు ‘డిసార్డర్స్ ఇంక్వైరీ కమిటీ’. తుపాకులు పేల్చింది వరుసల నిలబడ్డ సిపాయిలు, అదీ అధికారి ఆర్డరు మీద. ఆర్డరు ప్రకారం జరిగినదాన్ని విచారించే కమిటీ పేరుల ‘డిసార్డర్’ ఉన్నది! కమిటీ కూసోకముందే నేరం ఎవరిదో పేరు చెప్పేసింది. 1942ల క్విట్ ఇండియా వచ్చింది. వేలమందిని జైళ్లల్ల వేసి, 1943 ఫిబ్రవరిల సర్కారు ఒక పుస్తకం అచ్చేసింది. దాని పేరుల ఉన్న మాట ‘డిస్టర్బెన్సెస్’, దానికి బాధ్యత కాంగ్రెస్‌ది అని.

మన మన్యం సంగతి ఇంకా విచిత్రం. 1879ల రంప అడవులల్ల కల్లు మీద పెట్టిన పన్నుకు, దొరల జులుంకు గిరిజనులు లేసిన్రు. 1922–24ల అల్లూరి సీతారామరాజుతోని మళ్ల లేసిన్రు. మద్రాసు సర్కారు కాయితాలల్ల వీటి పేరు ‘ఫితూరీ’. ఉర్దూ దారిల వచ్చిన మాట, కుట్ర, కలహం అని అర్థం. అదే మాట తెలుగుల ‘పితూరీ’ అయి ఇయ్యాల ఏ అర్థంల ఉన్నది? ఒకని మీద ఇంకొకనికి చాడీలు చెప్పుడు! పానాలిచ్చి కొట్లాడినోళ్ల పేరు తెచ్చి చాడీకోరుకు పెట్టినం.

తిట్టును తిప్పికొట్టినోళ్లు గూడ ఉన్నరు. 1857ను సర్కారోళ్లు ‘మ్యూటినీ’ అన్నరు, ఉర్దూల ‘గదర్’ అన్నరు – నమ్మకద్రోహం, తిరుగుబాటు. 1913ల అమెరికా పడమటి దిక్కు ఉన్న మనదేశపు కూలీలు, చదువుకునే పిల్లలు కూడి పార్టీ పెట్టుకున్నప్పుడు కావాలని అదే మాటను తలకెత్తుకున్నరు: గదర్ పార్టీ. అదే పేరు తిరిగి తిరిగి మన తెలంగాణకొచ్చి గద్దర్ అయి గజ్జె కట్టింది.

దొరలు పోయిన్రు గదా, మాటలు పోయినయా? 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాంక భారత సైన్యం ట్యాంకులతోని హైదరాబాద్ రాజ్యంలకు నడిచింది. దాని సైనిక పేరు ఆపరేషన్ పోలో. లోకానికి చెప్పిన పేరు ‘పోలీస్ యాక్షన్’. పోలీసు అంటే ఇంటి లోపలి సంగతి, ఫౌజు అంటే రెండు రాజ్యాల నడుమ యుద్ధం. అంత తేడా ఆ ఒక్క మాటల. ముసలోళ్లు ఇప్పటికీ ఏండ్లు లెక్కగట్టాలంటే ‘పోలీస్ యాక్షన్ అయినేడు’ అంటరు. 1958ల వచ్చిన సైన్యపు ప్రత్యేక అధికారాల చట్టంల ‘డిస్టర్బ్‌డ్ ఏరియా’ అనే మాట ఉన్నది. తెలుగుల కల్లోలిత ప్రాంతం. ఒక జాగకు ఆ పేరు పడ్డదంటే, హెచ్చరించి పానం పోయేటట్టు కాల్చేదాంక అధికారం వస్తది. మళ్ల అదే టుర్బా.

కోర్టు భాషల అయితే ఈ మాటలకు లెక్కలున్నయి. ఇంగ్లండుల 1715 నుంచి నడిచిన రయట్ యాక్ట్ కింద 12 మందో, అంతకంటె ఎక్కువో గుమిగూడితే అధికారి వచ్చి ప్రకటన చదివెటోడు. గంటల చెల్లాచెదురు కాకపోతే ఘోర నేరం. ‘రీడింగ్ ద రయట్ యాక్ట్’ అని ఇప్పుడు గట్టిగ మందలించుడుకు అంటున్నది గక్కడిదే. మన చట్టంల ఐదుగురు చాలు. 2024 జులై 1 నుంచి నడుస్తున్న భారతీయ న్యాయ సంహితల 189వ సెక్షన్ చట్టవిరుద్ధ సమావేశం, 191 రయటింగ్. ఐదుగురు గానీ అంతకంటె ఎక్కువ మంది గానీ ఒకే ఉద్దేశంతోని కూడిన గుంపుల ఒక్కడు దౌర్జన్యం చేసినా అందరి మీద రయటింగ్ కేసు. ఇద్దరు నడిబజార్ల కొట్టుకొని జనానికి ఇబ్బంది చేస్తే అది అఫ్రే, 194. మనం ఎఫ్‌ఐఆర్ చూడకుండ ధర్నాను ‘అల్లర్లు’ అని రాస్తే, అక్కడ నిలబడ్డ ప్రతి మనిషినీ 191 కింద నిలబెట్టినట్టే. అట్లనే ఊరు తగలబడ్డ మతకలహాన్ని ‘ఘర్షణ’ అని రాస్తే, ఇద్దరు బజార్ల తిట్టుకున్నట్టు తేలిక చేసినట్టు.

చివరకు తొక్కిసలాట. ఇంగ్లీషుల స్టాంపీడ్. అమెరికాల స్పానిష్‌కెల్లి తీసుకున్నరు. పశువుల మంద బెదిరి ఉరుకుడు దాని అసలర్థం. 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండుల షెఫీల్డ్ హిల్స్‌బరో మైదానంల మ్యాచ్ చూడవచ్చినోళ్లు కటకటాల మధ్య నలిగిపోయిన్రు, మొత్తం 97 మంది పోయిన్రు. తప్పు తాగి ఎగబడ్డ జనానిదే అని పోలీసులు, కొన్ని పేపర్లు ఏండ్లకేండ్లు చెప్పినయి. చచ్చిపోయినోళ్ల ఇంటోళ్లు ఇడువలేదు. 2016ల జ్యూరీ, అభిమానుల తప్పు ఏం లేదు, ఇవి చట్టవిరుద్ధంగ తీసిన పానాలు అని తేల్చింది. ఇప్పుడు జనం రద్దీ మీద పనిచేసే నిపుణులు స్టాంపీడ్ అనకుండ ‘క్రౌడ్ క్రష్’ అంటున్నరు. ఎందుకంటే ఎక్కువ చావులు ఉరికినందుకు కాదు, ఉరకనీకి సందు లేనందుకు అయితయి. నిలబడ్డ కాడనే ఛాతీ కదలక ఊపిరి ఆడదు.

మన మాట ఇంకో అడుగు ముందుకు పోయింది. కొట్లాట, పోట్లాట, తోపులాట, పెనుగులాట – ఈ ‘ఆట’ చేరిందంటే ఒకళ్లనొకళ్లు చేసుకున్నరని అర్థం. తొక్కిసలాట అన్నమంటే జనమే జనాన్ని తొక్కుకున్నరని వ్యాకరణమే సాక్ష్యం చెప్తది. 2015 జులై 14న రాజమండ్రి పుష్కర ఘాట్‌ల పాతిక మందికి పైగా పోయిన్రు. తెల్లారి మనం చదివిన మాట తొక్కిసలాటే. మళ్ల ఏదో జాతరల, ఏదో మీటింగుల ఇసొంటిది అయితది. అప్పుడు డెస్కుల కూసున్నోళ్లకు నేను చెప్పేది చిన్న ముచ్చట. హెడ్డింగుల ‘నలిగి ఊపిరాడక’ అని పెట్టుండ్రి, జాగ సరిపోతది. దాని కింద మొదటి పేరాలనే దారి ఎన్ని గజాలున్నదో, గేట్లు ఎన్ని ఉన్నయో, అండ్ల ఎన్ని తెరిచిన్రో, తాళంచెవి ఎవరికాడ ఉన్నదో రాయుండ్రి.